చాందా ఎండలు, పెంపుడు కుందేళ్లకు పిల్లలు పెట్టించడం: బాధ్యతగా చేయాల్సిన తీరు

చాందా (చంద్రపూర్), బల్లార్షా, రాజురా, సిరోంచా వైపు ఇళ్లలో కుందేళ్లు చాలామటుకు అనుకోకుండానే ఈనుతుంటాయి. అంగట్లో "జంట" అని ఇచ్చినవి చాలాసార్లు ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లే. నాలుగైదు నెలలకే అవి ఎదకొస్తాయి. కుందేలు చూలు 31 రోజులు. ఈనిన రోజే ఆడది మళ్లీ చూడి కట్టగలదు. ఒక్క ఏడు పట్టించుకోకపోతే ఆ తల్లి ఎముకలగూడు అవుతుంది, పిల్లలను ఎవరికి ఇవ్వాలో తెలియక వచ్చిన ధరకు మళ్లీ అంగడికే పంపుతారు. అందుకే మొదటి పని జత కలపడం కాదు, విడదీయడం. మగవాటిని పది వారాలకల్లా వేరే గూటిలో ఉంచండి.

రెండో పని ఇళ్లు చూసుకోవడం. మామూలు సైజు కుందేలు ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పెడుతుంది, పన్నెండు కూడా పెట్టొచ్చు. కనీసం ఎనిమిది మందికి తీసుకునే ఉద్దేశం గట్టిగా ఉందని తేలాకే ముందుకెళ్లండి. కుందేలు ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది. "పిల్లలు ఆడుకుంటారు" అని అడిగేవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి.

ఏ కుందేలుకు జత కలపాలి

ఆడదానికి ఏడెనిమిది నెలలు నిండాలి, మూడేళ్లు దాటాక ఆపేయాలి. మూతి ఎత్తి పళ్లు చూడండి. పై పళ్లు కింది పళ్లకు కాస్త ముందుకు ఉండాలి. ఎదురుబొదురుగా తగిలినా, కింది పళ్లు ముందుకొచ్చినా ఆ కుందేలును పిల్లలకు వాడొద్దు. దెబ్బ తగిలి కాకపోతే అది వంశంలో వచ్చే లోపమే. అలా పుట్టిన పిల్లల పళ్లు అరగక పెరుగుతూనే ఉంటాయి, మేత నమలలేక చిక్కిపోతాయి. పదేపదే తుమ్ములు, ముక్కు నుంచి తెల్లటి చీమిడి, చెవిలో గజ్జి పొర ఉన్నవాటినీ పక్కన పెట్టండి.

ముద్దుగా ఉన్నాయని రెండు డ్వార్ఫ్ (మరుగుజ్జు రకం) కుందేళ్లను కలుపుతారు. నిజమైన డ్వార్ఫ్ జంటలో సగటున నలుగురిలో ఒక పిల్లకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది, అది పుట్టిన కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. తెల్ల ఒంటి మీద విడివిడిగా నల్ల మచ్చలుండే చుక్కల కుందేళ్లదీ ఇలాంటి కథే. చుక్కలదాన్ని చుక్కలదానితో కలిపితే పావు వంతు పిల్లలు దాదాపు తెల్లగా పుడతాయి, వాటిలో చాలావాటికి పెద్దపేగు సరిగా పనిచేయదు. చుక్కలదానికి ఒకే రంగు కుందేలును వెతకండి.

చాందాలో ఎప్పుడు

ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కుందేలుకు 30 దాటితేనే ఇబ్బంది, 35 పైన ప్రాణాపాయం. వేడికి మగ కుందేలు వీర్యం పాడవుతుంది, మళ్లీ కోలుకోవడానికి సుమారు రెండు నెలలు కావాలి. వేసవిలో, వానలు మొదలైన కొత్తలో జత కలిపితే చూడి కట్టకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. దానికి ఆడదాన్ని తప్పుపట్టి పదేపదే కలపడం క్రూరత్వం. ఆగస్టు, సెప్టెంబరు ముసురులో గూడు తడిసి పిల్లలకు కాక్సిడియోసిస్ (పేగుల్లో సూక్ష్మ పరాన్నజీవుల రోగం) పట్టుకుంటుంది.

మిగిలేది దసరా దాటినప్పటి నుంచి డిసెంబరు నడిమి దాకా. డిసెంబరు 15న కలిపితే జనవరి 15 ప్రాంతంలో ఈనుతుంది, పిల్లలకు ఎనిమిది వారాలు నిండేసరికి మార్చి రెండో వారం. అంతకన్నా ఆలస్యమైతే పిల్లలు ఎండలో కొత్త ఇంటికి పోవాల్సి వస్తుంది. ఒక ఆడదానికి ఏడాదికి ఒక్క ఈత చాలు.

జత కలపడం

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆడదాన్ని మగదాని గూటికి తీసుకెళ్లండి. మగదాన్ని ఆడదాని గూటిలో వేస్తే ఆడది తన చోటు అనుకుని కరుస్తుంది. యోని ఎర్రగా, కాస్త ఉబ్బి ఉంటే ఒప్పుకుంటుంది, పాలిపోయి ఉంటే రెండు రోజులు ఆగాలి. దాటిన మగది చిన్న కూతతో పక్కకు ఒరిగిపడిపోతుంది, అదే గుర్తు. పది నిమిషాల్లో జరగకపోతే తీసేయండి. రెండింటినీ వదిలి పక్కకు పోవద్దు. కలిపిన తేదీ రాసుకోండి.

12 నుంచి 14 రోజుల మధ్య చేయి తిరిగినవాళ్లు పొట్ట తడిమితే ద్రాక్షపళ్లంత గడ్డలు తెలుస్తాయి. చేతకాకపోతే నొక్కొద్దు. 16, 18 రోజులకే బొచ్చు పీక్కుని గూడు కడితే అది ఉత్తుత్తి చూలు.

మేత: ఎండుగడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి. మూడు కిలోల చూడి కుందేలుకు రోజుకు 100 నుంచి 120 గ్రాముల పెల్లెట్లు (గుళికల మేత) చాలు. ఒళ్లు పట్టిన కుందేలు చివరి వారంలో మేత మానేస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. పత్తి, సోయాబీన్ గట్ల మీద కోసిన గడ్డి తేవద్దు, మందు పడి ఉంటుంది. లేత జొన్న చొప్పలో విషం ఉంటుంది, అదీ వద్దు. గరిక, లూసర్న్ కొద్దిగా, మునగాకు మంచివి.

ఈనే పెట్టె, మొదటి మూడు వారాలు

28వ రోజున పెట్టె పెట్టండి. మూడున్నర కిలోల దానికి 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు, ముందు వైపు 15 సెంటీమీటర్ల గడప. అడుగున చిన్న కన్నాలు, పైన రంపపు పొట్టు, దాని మీద మెత్తని ఎండుగడ్డి. కుందేలు మూత్రం పోసే మూలలో పెట్టె పెట్టొద్దు. డిసెంబరు, జనవరిలో ఇక్కడ రాత్రి చలి గట్టిగా ఉంటుంది, గూటి మూడు పక్కలా గోనెసంచి కట్టండి. ఎలుక, పాము దూరని సన్న జాలీ తప్పనిసరి.

ముక్కుతూ గంట దాటినా పిల్ల రాకపోయినా, 33వ రోజుకు ఈనకపోయినా ఆగొద్దు, పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. ఈనాక చేతులు కడుక్కుని, గూటిలోని బొచ్చు చేతికి రుద్దుకుని పిల్లలను లెక్కపెట్టండి. చచ్చినవి తీసేయండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు.

తల్లి రోజంతా పెట్టె బయటే కూర్చుంటే కంగారుపడి పిల్లలను పాలసీసాకు అలవాటు చేస్తారు. కుందేలు రోజుకు ఒకటి, రెండుసార్లే, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. పిల్ల పొట్ట చూడండి: పలచటి చర్మం కింద తెల్లటి పాలపట్టీ కనిపిస్తే, పొట్ట గుండ్రంగా ఉంటే కడుపు నిండినట్టే. ముడతలు పడి, చల్లగా, గూటి బయట పడి ఉన్న పిల్లను ముందు అరచేతుల్లో వెచ్చబరచాలి, ఒళ్లు వేడెక్కాకే గూటిలో వేయాలి. చల్లటి పిల్లకు పాలు పోస్తే చస్తుంది. ఆవుపాలు కుందేలు పాల కన్నా బాగా పలచన, వాటితో నెట్టుకురాలేరు. రెండు, మూడు రోజుల తేడాలో ఈనిన మరో తల్లి ఉంటే దాని దగ్గర కలపొచ్చు. తల్లి చన్నులు వేడిగా, గట్టిగా, నీలంగా ఉంటే పొదుగు వాపు. దాని పిల్లలను మాత్రం ఇంకో తల్లి దగ్గర పెట్టొద్దు, రోగం దానికీ అంటుతుంది.

పెల్లెట్లు ఈనిన మర్నాడే పెంచొద్దు. వారంలో మెల్లగా 200 గ్రాముల పైకి తీసుకెళ్లండి. పాలిచ్చే తల్లి రోజుకు లీటరు నీళ్లు తాగొచ్చు, గిన్నె ఖాళీ కాకూడదు.

పది, పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తాయి. అతుక్కుంటే కాచి చల్లార్చిన నీళ్లతో తుడవండి. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్యే ఎక్కువ పిల్లలు పోతాయి: పొట్ట ఉబ్బరం, నీళ్ల విరేచనం. పెంటికలు రోజూ ఎత్తేయడమే దీనికి పెద్ద మందు. మనుషుల అమాక్సిసిలిన్ నోట్లో పోయొద్దు, కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి అదీ చస్తుంది. కుక్కల పిడుదులకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు విషమే.

ఇచ్చేటప్పుడు

ఆరు వారాలకు పిల్లలను అక్కడే ఉంచి తల్లిని వేరే గూటికి మార్చండి. ఎనిమిది వారాలు నిండకుండా ఇవ్వొద్దు. ఆడో మగో మళ్లీ చూడండి: మూత్రద్వారం పక్కన మెల్లగా నొక్కితే గుండ్రంగా గొట్టంలా వచ్చేది మగది, చీలికలా ఉండేది ఆడది. ఒకే ఈతలో మగ, ఆడ కలిపి జంటగా ఎవరికీ ఇవ్వొద్దు. రెండు కావాలంటే రెండు ఆడవి ఇవ్వండి. తిన్న పెల్లెట్లే పది రోజులకు సరిపడా కట్టివ్వండి, కొత్త మేత అందులో కొద్దికొద్దిగా కలపమనండి. పెంచలేకపోతే మీకే తిరిగి ఇమ్మని చెప్పండి. దుకాణం పెట్టి అమ్మేవాళ్లకు 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. పొలంలో దొరికిన అడవి కుందేలు పిల్లను మాత్రం పెంచొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఈత అయిపోయిన ఆడదానికి గర్భసంచి తీయించడం మంచిది, నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ బాగా ఎక్కువ. కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న డాక్టరునే చూడండి, చాందాలో దొరకకపోతే నాగపూర్ పశువైద్య కళాశాలలో అడగండి. ఆపరేషన్‌కు ముందు కుందేలును పస్తు పెట్టకూడదు. మగదానికి చేయించినా నాలుగు నుంచి ఆరు వారాల దాకా చూడి కట్టించగలదు, అప్పటిదాకా ఆడవాటితో కలపకండి.