నోడ్ జెఎస్‌లో స్ట్రీమ్స్ – 4వ పాఠం: మధ్యలో తెగిన అక్షరం

పోయిన పాఠంలో ఒక ఫైలును స్ట్రీమ్‌గా, అంటే ఒకేసారి కాకుండా ముక్కలు ముక్కలుగా చదివి, వచ్చిన ప్రతి చంక్‌నూ (ముక్కనూ) ప్లస్ ఈక్వల్‌తో (+=) ఒక స్ట్రింగ్‌కి కలుపుకుంటూ పోయాం. ఇంగ్లిష్ ఫైలుతో చేసినవాళ్లకి సరిగ్గా వచ్చింది. తెలుగు ఫైలు పెట్టినవాళ్లకి అక్కడక్కడా నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం గుర్తు కనిపించింది. ఫైలు పాడైందని కొందరు, ఫాంటు లేదని కొందరు అనుకున్నారు. రెండూ కాదు. తప్పు నేనిచ్చిన ఉదాహరణలోనే ఉంది. అందుకే ట్రాన్స్‌ఫార్మ్ స్ట్రీమ్‌ల (వచ్చిన డేటాను మార్చి ముందుకు పంపేవి) సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఇది తేల్చుకుందాం.

చంక్ అంటే అక్షరాల గుంపు కాదు, వాక్యం కాదు, లైను కాదు. ఉత్త బైట్లు. ఫైలు చదివే స్ట్రీమ్‌కి హైవాటర్‌మార్క్, అంటే ఒక చంక్‌లో పట్టే గరిష్ఠ పరిమాణం, మామూలుగా 65,536 బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు అక్షరానికి మూడు కావాలి. ‘క’ అంటే 224, 176, 149. ఇప్పుడు 65,536ని 3తో భాగించండి: 21,845 అక్షరాలు పోగా ఒక బైటు మిగులుతుంది. ఫైలంతా ‘క’లే అయితే మొదటి చంక్ చివర 224 ఒక్కటే ఉంటుంది, 176, 149 రెండో చంక్‌లోకి పోతాయి. ప్లస్ ఈక్వల్ అన్నప్పుడల్లా నోడ్ ఆ చంక్‌ను విడిగా స్ట్రింగ్‌గా మారుస్తుంది కాబట్టి, ఒక్క ‘క’ పోయి మూడు డైమండ్లు వస్తాయి. మామూలు ఫైల్లో ఖాళీలు, అంకెలు ఒక్కో బైటే కాబట్టి కోత ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. ఒకసారి బాగా పనిచేసిందని నమ్మి వదిలేయకండి.

మందు చిన్నదే. స్ట్రీమ్ తెరవగానే సెట్‌ఎన్‌కోడింగ్‌కి యూటీఎఫ్-8 అని చెప్పండి. పూర్తికాని బైట్లను అది దాచిపెట్టి, తరువాతి చంక్‌తో కలిపి ఇస్తుంది.

అంతటితో అయిపోయిందనుకోవద్దు. పైన మూడు బైట్లన్నది ఒక్కో కోడ్‌పాయింటుకి, అంటే యూనికోడ్‌లో సొంత నంబరున్న ఒక్కో గుర్తుకి. ‘స్త్రీ’లో అలాంటివి ఆరున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. సెట్‌ఎన్‌కోడింగ్ ఒక్కో కోడ్‌పాయింటునే కాపాడుతుంది. ‘స్త’ ఈ చంక్‌లో, మిగతాది ఆ చంక్‌లో పడొచ్చు. అన్నీ కలిపేస్తే ఇబ్బంది లేదు. చంక్ చంక్‌కీ మాట వెతికితే మాత్రం దొరకాల్సిన మాట దొరకదు. అందుకే టెక్స్ట్ అయితే నేను నేరుగా రీడ్‌లైన్ (లైన్లుగా విడదీసే నోడ్ మాడ్యూల్) పెట్టుకుని, ఫర్ అవైట్ లూప్‌తో లైను లైనుగా చదువుతాను.

చదివే స్ట్రీమ్‌ను రాసే స్ట్రీమ్‌కి కలపడానికి పైప్ వాడాలా, పైప్‌లైన్ వాడాలా అని కూడా అడిగారు. పైప్‌లైన్ వాడండి. ఉత్త పైప్‌లో చదివే వైపు ఎర్రర్ వస్తే రాసే వైపు తెరుచుకునే ఉండిపోతుంది. పైప్‌లైన్ అన్నిటినీ మూసి ఎర్రర్‌ను మీ చేతికిస్తుంది. రాసే వైపు వెనకబడితే చదివే వైపును ఆపడం కూడా అదే చూసుకుంటుంది.

అభ్యాసం: సెట్‌ఎన్‌కోడింగ్, అదే పని చేసే నోడ్ క్లాసు స్ట్రింగ్‌డీకోడర్ రెండూ ముట్టుకోకుండా, తెగిన బైట్లను దాచుకునే ట్రాన్స్‌ఫార్మ్ మీరే రాయండి. 128 నుంచి 191 దాకా ఉన్న బైటు అక్షరం మొదట్లో రాదు. 224 నుంచి 239 దాకా ఉంటే మూడు బైట్ల అక్షరం మొదలైనట్టు. చాలా ఎమోజీలకి నాలుగు బైట్లు, మరిచిపోవద్దు. హైవాటర్‌మార్క్‌ను 1, 2, 5 చేసి చూడండి, మూడుసార్లూ ఒకే ఫలితం రావాలి. చివర ఫ్లష్‌లో (డేటా అంతా అయ్యాక ట్రాన్స్‌ఫార్మ్‌లో నడిచే ఫంక్షన్) ఇంకా బైట్లు మిగిలితే ఫైలే మధ్యలో తెగిందని అర్థం. అక్కడ ఊరుకోకుండా ఎర్రర్ ఇవ్వండి.