పాత అమెరికన్ పల్లె సామాను: సమస్యలు, పరిష్కారాలు

న్యూ ఇంగ్లండ్, పెన్సిల్వేనియా పల్లెల్లో 18, 19 శతాబ్దాల్లో రైతులు, ఊరి వడ్రంగులు పైన్, పోప్లర్ చెక్కతో చేసుకున్న అలమరలు, దుప్పట్ల పెట్టెలు, పిండి పిసికే తొట్లు ఇప్పుడు ‘ప్రిమిటివ్స్’ పేరుతో అమ్ముడవుతున్నాయి. వాటి ధరంతా మొదటి రంగులో, వాడకపు అరుగుదలలో ఉంటుంది. అందుకే తిరిగి సరిచేయలేని మరమ్మతు ఏదీ చేయవద్దు.

చలికాలంలో తలుపు పలక చీలింది

తప్పు సామానుది కాదు, ఇంటి గాలిది. హీటర్ ఆగకుండా నడిచే ఇంట్లో తేమ 20 శాతానికి పడిపోవచ్చు. చెక్క పొడవులో దాదాపు మారదు, అడ్డంగా కుదించుకుపోతుంది. పాత వడ్రంగికి ఈ సంగతి తెలుసు కాబట్టి పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా నిలిపాడు. ఆ తర్వాత ఎవరో మేకు కొట్టి బిగించి ఉంటారు, లేదా మందంగా వేసిన రంగు గాడిలోకి దిగి పట్టేసి ఉంటుంది.

హ్యూమిడిఫయర్ పెట్టి తేమను 40–50 శాతం మధ్య ఉంచండి. వేడిగాలి వచ్చే జాలీకి దూరంగా జరపండి. చీలికలో లప్పం కూరకండి. వేసవిలో చెక్క ఉబ్బినప్పుడు అది అడ్డుపడి పక్కన కొత్త చీలిక తెస్తుంది. పలక అంచున రంగులేని సన్నని గీత కనిపిస్తే మాత్రం కంగారు పడనక్కరలేదు. గాడిలో దాగిన భాగం బయటికి వచ్చిందంతే. పలక స్వేచ్ఛగా కదులుతోందనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.

వేసవిలో సొరుగు బిగుసుకుంది

ఇదీ తేమ పనే. చిత్రిక పట్టకండి, చలికాలానికి సొరుగు వదులైపోతుంది. గాలి పొడిబారేదాకా ఆగి, కింది పట్టీలకు తేనెమైనం రుద్దండి.

కింద పిండిలాంటి పొడి రాలుతోంది

పురుగు తొలుస్తూ ఉండవచ్చు. రంధ్రం లోపలి అంచు నల్లబడి ఉంటే సాధారణంగా పాతది, లేత రంగులో ఉంటే కొత్తది. కింద నల్ల కాగితం పరచి కొన్ని వారాలు చూడండి. పొడి మళ్లీ పడుతూ ఉంటే, చిన్న వస్తువునైతే ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే చల్లని ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా చుట్టు విప్పకూడదు. పెద్ద అలమరైతే నిపుణులకు అప్పగించండి. రంగు మీద పూసే బోరేట్ మందు లోపలికి ఇంకదు.

అసలుదో, పాతబరచిన కొత్తదో తేలడం లేదు

ముందు వైపు చూసి మురిసిపోకుండా వెనక పలకలు చూడండి. వంపు గీతలుంటే గుండ్రని రంపంతో కోసినవి, అది 1830 తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చింది. సుమారు 1800కు ముందువి చేత్తో కొట్టిన మేకులు, ఆ తర్వాత 1890ల దాకా ఇనుప రేకు నుంచి కోసిన చదరపు మేకులు, అటుపైన గుండ్రని తీగ మేకులు. మేకు ఒక్కటే సాక్ష్యం కాదు, పాత మేకులను కొత్త చెక్కలో కొట్టే ఘనులూ ఉన్నారు. పాత మేకు చుట్టూ చెక్క నల్లబడి ఉండాలి. గుండ్రని బల్లపైనైతే టేపు పట్టండి: రెండు శతాబ్దాల కుదింపు తర్వాత అది కచ్చితమైన వృత్తంగా మిగలదు. కుర్చీ ముందరి అడ్డకర్ర పాదాలు ఆనేచోట అరగాలి. అంతటా సమానంగా అరిగిందంటే అది సాండ్‌పేపర్ పనితనం.

రంగు జిగటగా, మురికిగా ఉంది

మన వంటింట్లో ఇది మామూలే, తాలింపు ఆవిరిలోని నూనె దుమ్ముతో కలిసి అంటుకుంటుంది. తేలికపాటి సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను ముందు కనబడని మూలలో ప్రయత్నించండి. అద్దాలు తుడిచే ద్రావణం వద్దు. పాలలోని కేసిన్‌తో చేసిన పాత రంగును అందులోని అమ్మోనియా కరిగిస్తుంది.

రంగు పెచ్చులూడుతోంది

సీసం ఉందనే అనుకోండి. అమెరికాలో ఇళ్లకు సీసం రంగుల వాడకాన్ని నిషేధించింది 1978లో. గీకకండి, సాండ్‌పేపర్ పట్టకండి, పిల్లల గదిలో పెట్టకండి. రాలిన పెచ్చులను చీపురుతో కాక తడిగుడ్డతో ఎత్తండి. ఎర్రమట్టి గిన్నెల మెరుపు పూతలోనూ తరచుగా సీసం ఉంటుంది, పులుపు దాన్ని ఇంకా లాగుతుంది. వాటిని అరమీద పెట్టి చూసుకోండి గానీ పచ్చడీ పులిహోరా వడ్డించకండి.