టెక్‌లో బగ్ కనిపించిందా? పంపే ముందు ఈ జాగ్రత్తలు

పుస్తకాలు, వ్యాసాలు అచ్చుకు పేర్చే టెక్ (TeX) ప్రోగ్రామునూ దాని అనుబంధాలనూ కలిపి అందించే టెక్ లైవ్ ఏటా ఒకసారి, సాధారణంగా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో కొత్తగా విడుదలవుతుంది. గడువు నెత్తిమీద ఉన్నవారు కూడా ఆ రోజుల్లోనే అప్‌డేట్ నొక్కుతారు. నిన్నటిదాకా సజావుగా తయారైన పీడీఎఫ్ ఈరోజు సగంలో ఆగిపోతుంది. ఆగకపోతే ఇంకా ప్రమాదం: ఫుట్‌నోట్ల సంఖ్యలు నిశ్శబ్దంగా మారిపోతాయి, ప్రూఫు చదివేదాకా తెలియదు. ఆ కంగారులో చాలామంది "కొత్త వెర్షన్ పనిచేయడం లేదు, వెంటనే సరిచేయండి" అని ఒక్క వాక్యం రాసి పంపేస్తారు.

ఆ వాక్యం అందుకున్న మనిషి పరిస్థితి ఆలోచించండి. వారి ముందు మీ కంప్యూటర్ లేదు, మీ ఫాంట్లు లేవు, మీరు రాసుకున్న మాక్రోలు (సొంత ఆదేశాలు) లేవు. మీరు పంపిన అక్షరాలే ఉన్నాయి. పైగా టెక్ మీద కట్టిన లేటెక్ (LaTeX)నూ, దానికి అదనపు సౌకర్యాలు చేర్చే ప్యాకేజీలనూ చూసుకునేవారిలో ఎక్కువమంది జీతం లేకుండా, సొంత సమయంలో ఆ పని చేస్తున్నారు. వారి ఒక సాయంత్రాన్ని వృథా చేయకపోవడం మన బాధ్యతని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా మీ పనిని కాపాడుకోండి. ప్రాజెక్టు ఫోల్డరు మొత్తానికి ఒక నకలు తీసి, పరీక్షలన్నీ ఆ నకలు మీదే చేయండి. అసలు ఫైలులో పేరాలు తీసేస్తూ తప్పు వెతికి, తర్వాత ఏది తీశారో గుర్తురాక అవస్థ పడ్డవారు నాకు తెలుసు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లేదాకా అప్‌డేట్ జోలికే పోకండి. కొత్తది తప్పనిసరైతే పాతదాన్ని తుడిచేయకుండా పక్కన పెట్టుకోండి. టెక్ లైవ్ ఏ సంవత్సరానిది ఆ సంవత్సరం పేరున్న ఫోల్డరులో కూర్చుంటుంది కాబట్టి రెండూ ఒకే యంత్రంలో ఉండగలవు. పాతదానితో సరిగ్గా వచ్చి కొత్తదానితో తప్పుగా వస్తే, ఆ ఒక్క వివరమే రిపోర్టుకు సగం బలం.

తర్వాత, అది నిజంగా బగ్గేనా అని నిదానంగా చూడాలి. పంక్తి మార్జిన్ దాటిందని టెక్ చెప్పే మాట హెచ్చరిక మాత్రమే. బొమ్మ మీరు పెట్టిన చోట కాక తర్వాతి పేజీకి వెళ్లడం దాని నియమాల ప్రకారం జరిగేదే. విషయసూచికలో పేజీ సంఖ్యలు పాతవి కనిపిస్తే ఇంకో రెండు సార్లు నడిపి చూడండి. అప్పటికీ మారకపోతే, గతసారి నడిపినప్పుడు మిగిలిన సహాయక ఫైళ్లన్నీ తుడిచి మొదటి నుంచి నడపండి. బగ్గులని అనుకున్నవి కొన్ని ఇక్కడే మాయమవుతాయి.

నాకు బాగా గుర్తున్న తప్పు ఒకటి చెప్పాలి. మూడు వందల పేజీల పుస్తకంలో విషయసూచిక వరుసలు పక్కకు జరిగాయి. ఆ ప్యాకేజీ రాసిన వ్యక్తికి పుస్తకం మొత్తం జతచేసి పంపాను. ఏ వెర్షన్ వాడుతున్నారని ఆయన అడిగారు. టెక్ నడిచినప్పుడల్లా ఏం జరిగిందో రాసిపెట్టే లాగ్ ఫైలు తెరిచి చూస్తే, ఎన్నో ఏళ్ల క్రితం నేనే ప్రాజెక్టు ఫోల్డరులోకి తెచ్చుకున్న పాత ప్యాకేజీ ఫైలు దొరికింది. టెక్ ముందుగా మనం పనిచేస్తున్న ఫోల్డరులోనే వెతుకుతుంది. అక్కడ దొరికితే కొత్తదాని దాకా వెళ్లదు. ఆయన ఎప్పుడో సరిచేసిన తప్పును నేను మళ్లీ ఆయనకే పంపాను. అందుకే ఏ ఫైలు ఏ చోటు నుంచి వచ్చిందో లాగ్‌లో చూడకుండా ఇప్పుడు ఎవరికీ ఏదీ పంపను.

అసలు శ్రమంతా చిన్న ఉదాహరణ తయారుచేయడంలో ఉంది. తప్పు కనిపించడానికి ఎంత అవసరమో అంతే మిగలాలి, కానీ ఆ మిగిలింది ఎవరి యంత్రంలోనైనా దానంతట అది నడవాలి. నకలు ఫైలులో సగం తీసేయండి. తప్పు ఇంకా ఉంటే మిగిలిన దానిలో సగం తీయండి, పోతే తీసినదాన్ని వెనక్కి పెట్టి రెండో సగం తీయండి. ఇలా సగాలు చేస్తూ పోతే మూడు వందల పేజీల పుస్తకం తొమ్మిది సార్లలోపే ఒక్క పేజీకి వస్తుంది. ఆ తర్వాత ప్యాకేజీలను ఒక్కొక్కటిగా తీయండి. మీ మాక్రోలను తీసి, వాటిలో అవసరమైన పంక్తిని నేరుగా రాయండి. బొమ్మలు కావలసి వస్తే మీవి పంపకండి, ఎండబ్ల్యూఈ (mwe) ప్యాకేజీతో వచ్చే నమూనా బొమ్మలు చాలు. నింపుడు పాఠానికి లిప్సమ్ ప్యాకేజీ ఉంది. సూచికలకూ గ్రంథసూచికకూ బయటి ఫైలు కావలసివస్తే దాన్నీ ఉదాహరణ ఫైలులోపలే రాసే ఏర్పాటు లేటెక్‌లో ఉంది, వాడుకోండి.

ఇంత కష్టం ఎందుకంటే, తగ్గించే దారిలోనే కారణం చాలాసార్లు బయటపడుతుంది. రెండు ప్యాకేజీలు ఒకే ఆదేశాన్ని తమ తమ పద్ధతిలో మార్చుకోవడం, లేదా వాటిని పిలిచే వరుస తారుమారు కావడం లాంటివి ఇరవై పంక్తుల ఫైలులో కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెండు వేల పంక్తుల్లో కనిపించవు.

ఉదాహరణ మొదట్లో లిస్ట్‌ఫైల్స్ ఆదేశం పెడితే వాడిన ప్రతి ఫైలు తేదీ, వెర్షన్ లాగ్ చివర్లో పట్టికగా వస్తాయి. లాగ్‌ను కత్తిరించకుండా పంపండి, స్క్రీన్‌షాటుగా వద్దు. అందులో మొదటి పంక్తులే ఇంజను (పాఠాన్ని పేర్చే అసలు ప్రోగ్రాము) ఏదో, ఏ సంవత్సరపు టెక్ లైవో చెబుతాయి. ముందుచూపుగా ఇంకో మాట: లాగ్ పంక్తులు మామూలుగా 79 అక్షరాల దగ్గర విరుగుతాయి. ఫైలు పేరు రెండు ముక్కలుగా కనిపిస్తే అదే తప్పని పొరబడకండి.

ఎవరికి పంపాలి? లేటెక్ మూలానికి సంబంధించినదైతే లేటెక్ బృందానికి, ప్యాకేజీదైతే దాన్ని రాసినవారికి. తేడా తెలియకపోతే ఉదాహరణ మొట్టమొదట, పత్రం రకాన్ని చెప్పే డాక్యుమెంట్ క్లాసు పంక్తి కంటే ముందే, లేటెక్‌బగ్ ప్యాకేజీని పిలవండి. బయటివారి ప్యాకేజీలు కలిసి ఉంటే అదే పట్టుకుని, ఎవరిని సంప్రదించాలో చెబుతుంది. ఇంత సులువైన సాయం ఉండగా తప్పు తలుపు తట్టడం అన్యాయం.

తెలుగు పాఠం ఉన్నప్పుడు ఇంకో మెట్టు ఎక్కాలి. వత్తు పక్కకు జరిగితే తప్పు ఫాంటుది కావచ్చు, అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్‌ది కావచ్చు, ఇంజనుది కావచ్చు, మన అమరికది కూడా కావచ్చు. ఫాంటును పిలిచేటప్పుడు లిపి తెలుగని చెప్పారా? ఇంజను లువాటెక్ అయితే హార్ఫ్‌బజ్ రెండరర్‌ను ఎంచుకున్నారా? ఈ రెండూ చూశాక అదే ఫాంటుతో అదే పదాన్ని బ్రౌజరులో చూపించి పోల్చండి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడతాయి కనుక అక్కడా విరిగితే తప్పు టెక్‌లో ఉండే అవకాశం తక్కువ. రిపోర్టు చదివేవారికి తెలుగు రాదని గుర్తుంచుకోండి. "చదువుతుంటే తెలిసిపోతుంది" అనే మాట వారికి పనికిరాదు. సరైన రూపం ఒక బొమ్మ, వచ్చిన రూపం ఒక బొమ్మ, దాంతోపాటు పదంలోని యూనికోడ్ సంకేతాల వరుస ఇవ్వండి. ఐత్వం ఒకే సంకేతంగానూ రావచ్చు, రెండు సంకేతాల జంటగానూ రావచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. పదాన్ని పీడీఎఫ్ నుంచి మాత్రం కాపీ చేయకండి, అక్షరాల వరుస అక్కడ చెదిరిపోవచ్చు. మూల ఫైలు నుంచే తీసుకోండి.

ఇతరుల పాఠం విషయంలో అజాగ్రత్త వద్దు. రచయిత ఇంకా అచ్చువేయని అధ్యాయాన్నో, పరీక్ష పేపరునో ఉదాహరణగా పంపితే అది ఎప్పటికీ బహిరంగంగా ఉండిపోతుంది. లాగ్‌లోనూ, పీడీఎఫ్‌ను మూల ఫైలుతో జతపరిచే సింక్‌టెక్ ఫైలులోనూ ఫోల్డర్ల దారి పూర్తిగా ఉండవచ్చు, అందులో మీ పేరో సంస్థ పేరో ఉంటుంది. ఆ ముక్కను మార్చి పంపండి, మిగిలిందాన్ని ముట్టుకోకండి. డబ్బిచ్చి కొన్న ఫాంటును జతచేయకండి, ఉచిత ఫాంటుతో తప్పు తిరిగి వస్తుందేమో చూడండి.

భద్రతకు సంబంధించిన లోపమైతే పద్ధతి పూర్తిగా వేరు. షెల్ ఎస్కేప్ (టెక్ ఫైలు బయటి ఆదేశాలను నడపడానికి ఇచ్చే అనుమతి) ఆపి ఉన్నా ఒక ఫైలు కంప్యూటరులో ఆదేశాలు నడిపించగలిగే లోపం 2023లో లువాటెక్‌లో బయటపడింది, 1.17.0 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. అలాంటిది మీ కంటపడితే బహిరంగంగా రాయకుండా నిర్వాహకులకు విడిగా తెలియజేయండి. ఎదుటివారు పంపిన ఉదాహరణను నడిపేటప్పుడు కూడా షెల్ ఎస్కేప్ తెరిచి పెట్టకండి.

రిపోర్టు రాయడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఏం చేశారు, ఏం రావాలనుకున్నారు, ఏం వచ్చింది: ఈ మూడూ ఉండాలి. ఒక రిపోర్టులో ఒక్క బగ్గే ఉండాలి, శీర్షికలో ప్యాకేజీ పేరు, లక్షణం ఉండాలి. కారణం గురించి మీ ఊహ ఉంటే చివర్లో, ఊహ అని చెప్పి రాయండి. అలా చెప్పకుండా మొదట్లోనే రాస్తే చదివేవారు మీ ఊహ వెంట పోయి అసలు తప్పును చూడకపోవచ్చు.

ఈ క్రమశిక్షణ టెక్ పుట్టినప్పటి నుంచీ ఉంది. టెక్‌ను సృష్టించిన డొనాల్డ్ క్నూత్ 1978 నుంచి తన ప్రోగ్రాములో దొరికిన ప్రతి తప్పునూ రాసిపెట్టుకుని, పదేళ్ల తర్వాత 850కి పైగా తప్పుల ఆ జాబితాను 15 రకాలుగా విడదీసి 1989లో ప్రచురించారు. టెక్‌లో తప్పు పట్టినవారికి ఇచ్చే బహుమతిని పెంచుతూ 327.68 డాలర్ల దాకా తీసుకెళ్లారు. ఇప్పుడు ఆయన టెక్‌ను కొన్నేళ్లకోసారే తెరుస్తారు. 2021లో తెరిచినప్పుడు వెర్షన్ సంఖ్య 3.141592653కు చేరింది. అన్నేళ్ల వడపోత దాటిన మూల ఇంజనులో మీకు తప్పు కనిపించిందంటే, పైనున్న ప్యాకేజీలను ఇంకోసారి చూసి రండి.

పంపిన తర్వాత మాయమైపోకండి. విడుదలకు ముందు రూపంతో పరీక్షించమని అడుగుతారు. లేటెక్‌కు ఆ రూపం టెక్ లైవ్‌లోనే ఉంటుంది, మామూలు ఆదేశం పేరు చివర "-డెవ్" (-dev) చేర్చి నడిపితే చాలు. ఫలితం ఏదైనా ఆ రోజే చెప్పండి. తప్పు మీదేనని తేలితే అదీ స్పష్టంగా రాసి, మీ రిపోర్టును మీరే మూసేయండి.