ఉండవల్లి, అమరావతి శిల్పాల నుంచి సొంత బొమ్మ దాకా

ఉండవల్లి గుహలకు వెళ్లి అనంతశయనుణ్ని చూసినది చూసినట్టు గీసుకొస్తే చేయి తిరుగుతుంది, అంతే. ఉన్న చోటును శిల్పి ఎలా వాడుకున్నాడో గమనిస్తే ఆ తర్వాత వేసే బొమ్మలన్నిటికీ పనికొస్తుంది.

ఏ4 స్కెచ్‌బుక్, రెండు ఏ3 కాగితాలు, సన్నగా గీసే హెచ్‌బీ, మెత్తగా నల్లగా పడే 4బీ పెన్సిళ్లు, రబ్బరు, ఆనించుకోవడానికి ఒక అట్ట చాలు. ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) వద్దు, దారికి అడ్డం.

అనంతశయనుడి విగ్రహం 5 మీటర్లకు పైనే. వెనక్కి జరిగి మొత్తం చూద్దామంటే చోటు చాలదు. పాదాల దగ్గర నిలబడి గీస్తే పాదాలు పెద్దవై, తల చిన్నదైపోతుంది. ఫోన్‌లో వైడ్ లెన్స్ పెడితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ఏ3 కాగితాలు రెండూ పొడవుగా అతికించి తల, నడుము, పాదాల ఎదుట విడివిడిగా నిలబడి గీయాలి. మూడుచోట్లా విగ్రహానికి ఒకే దూరంలో ఉండాలి. చేయి పూర్తిగా చాచి పెన్సిల్‌తో తల పొడవు కొలిచి, మిగతాదంతా దాంతోనే లెక్కించండి. మోచేయి వంగిందా, కొలత తప్పినట్టే. లోపల వెలుతురు తక్కువ. పది నిమిషాలు ఊరికే కూర్చుంటే కళ్లు అలవాటుపడతాయి, అప్పుడు 4బీని పక్కకు వాల్చి నీడలు వేయండి.

అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలది వేరే పాఠం. అక్కడిది సున్నపురాయి, ఉలి సన్నగా నడిచింది కాబట్టి హెచ్‌బీ కావాలి. పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు. రాయి మీద కాగితం పెట్టి రుద్ది అచ్చు తీయొద్దు, చెక్కడం అరిగిపోతుంది.

అమరావతి శిల్పాలు చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. చెన్నైలో ఉన్న నలగిరి (బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన ఏనుగు) ఫలకాన్ని మంచి ఫొటోలో చూసినా సరే, తప్పక అభ్యాసం చేయాలి. ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఎడమవైపు మదమెక్కి జనం మీద పడుతూ, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. రెండు క్షణాలకూ మధ్య గీత లేదు. ఎంత అద్భుతమైన కూర్పో!

15 సెంటీమీటర్ల వలయం గీసి ముందు ఏనుగులు రెండింటినీ, తర్వాత గుంపులను ముద్దలుగా పెట్టండి. ఎవరు ఎటు ఒరిగారో ఒక్కో గీతతో చూపించండి. ముఖాలూ నగలూ చివరికి. వాటితో మొదలుపెడితే అంచు దగ్గర చోటు చాలక మనుషులు కుంచించుకుపోతారు.

ఇప్పుడు అదే వలయంలో మీ ఊరి దృశ్యం పెట్టండి. దసరాకు ఇంద్రకీలాద్రి క్యూలైన్ తీసుకుంటే, ఎడమవైపు ఎండలో తోసుకునే జనం, కుడివైపు అమ్మవారి ఎదుట చేతులు జోడించిన వాళ్లే. రెండువైపులా అదే మనిషి అని తెలియాలంటే చీర రంగో, చంకలో బిడ్డో ఏదో ఒక గుర్తు ఉండాలి. పూర్తయ్యాక కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి. ఒకవైపే బరువు కనిపిస్తే రెండోవైపు గుంపును పెంచకండి, మనుషుల ఒరుగును మార్చండి.