అగ్నిశిలల్లో పోగుపడిన స్ఫటికాలను లేశ మూలకాల ఆధారంగా గుర్తించే విధానం

అగ్నిశిల నమూనాకు సంబంధించిన రసాయన విశ్లేషణ చేతికి రాగానే, అందులోని అంకెలను నేరుగా శిలాద్రవపు కూర్పుగా చదవాలనిపించడం సహజం. కాని శిలాద్రవం చల్లబడుతున్నప్పుడు ముందుగా ఏర్పడిన స్ఫటికాలు ఒకచోట పోగుపడి, వాటి మధ్య కొంత ద్రవం మాత్రమే చిక్కుకుని గట్టిపడితే, ఆ శిల కూర్పుతో కూడిన ద్రవం ఎప్పుడూ ఉండి ఉండకపోవచ్చు. తూర్పు గ్రీన్‌లాండ్‌లోని స్కేర్‌గార్డ్‌లోను, దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్‌లోను పొరలు పొరలుగా ఉన్న శిలలను చూస్తే ఈ సంగతి కంటికే తెలుస్తుంది. ఏ పొరలూ కనిపించని గ్రానైట్‌లోనో, పెద్ద స్ఫటికాలు నిండిన లావాలోనో తెలియదు. పొరపాటు నిర్ధారణలు ఎక్కువగా జరిగేది అక్కడే.

పని థిన్ సెక్షన్‌తో, అంటే సూక్ష్మదర్శినిలో చూడటానికి కాంతి ప్రసరించేంత పలుచగా కోసిన శిలా ముక్కతో, మొదలుపెట్టాలి. ఏ ఖనిజం సొంత ఆకారంతో ఒకదానికొకటి ఆనుకుని ఉంది, ఏది వాటి మధ్య ఖాళీలను నింపింది అన్నది రాసుకోవాలి. అయితే పోగుపడిన తరువాత కూడా స్ఫటికాలు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి, అల్లిక ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదు. అది మనకు ఇచ్చేది అనుమానించదగిన ఖనిజాల జాబితా మాత్రమే.

ఆ జాబితాలోని ప్రతి ఖనిజానికి లేశ మూలకాల, అంటే శిలలో అతి స్వల్పంగా ఉండే మూలకాల, విభజన గుణకాలను చూడాలి. ఒక మూలకం స్ఫటికంలో ఎంత ఉందో, దానితో సమతాస్థితిలో ఉన్న ద్రవంలో ఎంత ఉందో, ఆ రెండింటి నిష్పత్తే విభజన గుణకం. ఉదాహరణకు ద్రవంలో నికెల్ 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100 భాగాలు), లాంథనమ్ 10 పీపీఎం ఉన్నాయని, ఆలివిన్ అనే మెగ్నీషియం, ఇనుముల సిలికేట్ ఖనిజంలో నికెల్ గుణకం 10 అని, లాంథనమ్ ఆలివిన్‌లోకి దాదాపు వెళ్లదని అనుకుందాం. ఆ ద్రవంలో 10 శాతం ఆలివిన్ వచ్చి చేరితే శిలలో నికెల్ 190 పీపీఎంకు పెరుగుతుంది, లాంథనమ్ సుమారు 9కి తగ్గుతుంది. అదే ద్రవం నుంచి 10 శాతం ఆలివిన్ క్రమంగా స్ఫటికీకరించి విడిపోతే, మిగిలిన ద్రవంలో నికెల్ దాదాపు 39కి పడిపోతుంది, లాంథనమ్ 11కి చేరుతుంది. చేరిక సరళమైన మిశ్రమ రేఖను అనుసరిస్తుంది, విడిపోవడం ఘాతాంక వక్రాన్ని అనుసరిస్తుంది. అందువల్ల నమూనాలన్నిటినీ సాధారణ స్కేలు మీద గీసినప్పుడు, అవి ఒక ఖనిజపు కూర్పు వైపు తిన్నగా సాగుతుంటే, ఆ ఖనిజం పోగుపడిందని గట్టిగా అనుమానించాలి. ఆలివిన్‌లోకి వెళ్లని మూలకాల మధ్య నిష్పత్తులు, అంటే లాంథనమ్‌, నయోబియంల నిష్పత్తి వంటివి, ఈ చేరిక వల్ల దాదాపు మారవు; మూల ద్రవం గురించి మాట్లాడవలసివస్తే వాటినే నమ్ముకోవాలి.

ప్లేజియోక్లేజ్ (కాల్షియం, సోడియం గల ఫెల్డ్‌స్పార్ ఖనిజం) గుర్తులు వేరు. రేర్ ఎర్త్ మూలకాల్లో (తేలికైన లాంథనమ్ నుంచి భారమైన ల్యుటీషియం వరకు దాదాపు ఒకే తీరుగా ప్రవర్తించే మూలకాల్లో) యూరోపియం మాత్రమే శిలాద్రవంలో గణనీయంగా ద్విసంయోజక (రెండు ధనావేశాలున్న) రూపంలో కూడా ఉండి, ఈ ఖనిజంలో కాల్షియం స్థానంలోకి చేరగలదు. కాండ్రైట్ (ఆదిమ ఉల్కాశిల) విలువలతో భాగించి సరిచేసిన యూరోపియంను, అలాగే సరిచేసిన సమేరియం, గడోలినియంల లబ్ధపు వర్గమూలంతో భాగించండి. ఫలితం 1 కంటే స్పష్టంగా ఎక్కువగా ఉండి, స్ట్రాన్షియం, అల్యూమినా కూడా దానితోపాటే పెరుగుతుంటే ప్లేజియోక్లేజ్ పోగుపడినట్లే భావించవచ్చు. గ్రానైట్‌లలో యూరోపియంతోపాటు బేరియం కూడా పెరిగితే పొటాషియం ఫెల్డ్‌స్పార్‌ను పరిశీలించాలి. శిలాద్రవం బాగా ఆక్సీకరణ స్థితిలో ఉంటే యూరోపియం ఎక్కువగా త్రిసంయోజకంగా ఉండిపోతుంది కాబట్టి, ఈ గుర్తు కనిపించనంత మాత్రాన ఫెల్డ్‌స్పార్ చేరలేదని అనుకోరాదు. ప్లేజియోక్లేజ్ పోగుపడినా స్ట్రాన్షియం, ఇట్రియంల నిష్పత్తి పెరుగుతుంది; కనుక ఆ నిష్పత్తి ఎక్కువగా ఉందని చెప్పి, గార్నెట్ ఉన్న లోతుల్లో ద్రవీభవనం జరిగిందని తేల్చేముందు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలన్నది నా దృఢమైన అభిప్రాయం. క్లైనోపైరాక్సిన్ స్కాండియంను, మాగ్నటైట్ వనేడియంను పెంచుతాయి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనవి అతి తక్కువ మోతాదులో ఉండే ఖనిజాలు. జిర్కాన్ బరువులో దాదాపు సగం జిర్కోనియమే. కనుక 0.02 శాతం జిర్కాన్ అదనంగా చేరితే చాలు, శిలలో జిర్కోనియం సుమారు 100 పీపీఎం పెరుగుతుంది; హాఫ్నియం, భార రేర్ ఎర్త్ మూలకాలు కూడా దానితోపాటు పెరుగుతాయి. అటువంటి గ్రానైట్ మొత్తాన్ని ద్రవంగా భావించి జిర్కాన్ సంతృప్త ఉష్ణోగ్రతను, అంటే ద్రవంలో జిర్కాన్ స్ఫటికీకరించడం మొదలయ్యే ఉష్ణోగ్రతను, లెక్కిస్తే, అది అసలు కంటే ఎక్కువగా వస్తుంది. అపటైట్ చేరితే ఫాస్ఫరస్‌తోపాటు రేర్ ఎర్త్ మూలకాలు, వాటిలోనూ మధ్య శ్రేణివి, పెరుగుతాయి. మోనజైట్ లేదా అల్లనైట్ చేరితే థోరియం, తేలికపాటి రేర్ ఎర్త్ మూలకాలు పెరుగుతాయి. సిలికాతో పోల్చి గీసిన పటంలో ఈ మూలకాలు చెల్లాచెదురుగా కనిపిస్తే, ఆ చెదురును విశ్లేషణ దోషంగా కొట్టిపారేయకుండా, జిర్కోనియం హాఫ్నియంతో, ఫాస్ఫరస్ ఇట్రియంతో కలిసి కదులుతున్నాయేమో చూడాలి.

తరువాత పరిమాణాన్ని అంచనా వేయాలి. ఆలివిన్‌కు, ద్రవానికి మధ్య ఇనుము, మెగ్నీషియంల మార్పిడి గుణకం (ఆలివిన్‌లోని ఇనుము-మెగ్నీషియం నిష్పత్తిని ద్రవంలోని అదే నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) బసాల్ట్‌లలో సుమారు 0.30. శిలలో మెగ్నీషియం సంఖ్య (మెగ్నీషియం, ఇనుము పరమాణువుల మొత్తంలో మెగ్నీషియం శాతం) 75 అయితే, ఆ కూర్పు గల ద్రవంలో ఏర్పడే ఆలివిన్‌లో ఫోర్‌స్టరైట్ (ఆలివిన్‌లోని మెగ్నీషియం భాగం) దాదాపు 91 శాతం ఉండాలి. స్ఫటికాల మధ్య భాగంలో 85 మాత్రమే కనిపిస్తే, వాటిని పుట్టించిన ద్రవపు మెగ్నీషియం సంఖ్య 63 దగ్గర ఉండేదని, శిలలోని మిగతా మెగ్నీషియం చాలావరకు చేరిన ఆలివిన్‌దేనని అర్థం. చిక్కుకున్న ద్రవపు వాటాకు, స్ఫటికాల్లోకి వెళ్లని మూలకాన్ని వాడాలి. జిర్కాన్ పోగుపడని గ్యాబ్రోలో జిర్కోనియం 15 పీపీఎం, ద్రవంలో 100 పీపీఎం అయితే ద్రవం వాటా సుమారు 15 శాతం. ఆ 100 అన్న విలువను ఊహించుకోకుండా, చొరబాటు (భూమి లోపలి శిలల్లోకి చొచ్చుకెళ్లి గట్టిపడిన శిలాద్రవం) అంచున వేగంగా చల్లబడిన శిల నుంచో, దానితో సంబంధమున్న డైక్‌ల (పగుళ్లలో గట్టిపడిన శిలాద్రవపు పలకల) నుంచో తీసుకోవాలి.

అటువంటి శిలలు దొరకనప్పుడు లేజర్ అబ్లేషన్ (లేజర్‌తో చిన్న బిందువు నుంచి పదార్థాన్ని తీసి కొలిచే) పద్ధతిలో స్ఫటికాల మధ్య భాగాలను విశ్లేషించి, ఆ విలువలను విభజన గుణకాలతో భాగించి ద్రవపు కూర్పును తిరిగి లెక్కించాలి. చిక్కుకున్న ద్రవంతో చర్య జరిపి అంచులు మారిపోయి ఉంటాయి కనుక వాటిని ఈ లెక్కలోకి తీసుకోకూడదు.