కోస్తా ఒంటికి ఎడారి ఎండ: రాజస్థాన్ కోటలకు బయలుదేరే ముందు

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముగిసిందంటే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో యాత్రల మాటలు మొదలవుతాయి. ఈ మధ్య కాశీ, గయలతో పాటు రాజస్థాన్ పేరు కూడా బాగా వినబడుతోంది. జైపూర్, పుష్కర్, జోధ్‌పూర్, జైసల్మేర్, బికనీర్, తిరుగు దారిలో ఉదయ్‌పూర్, చిత్తోర్‌గఢ్. అన్నీ తప్పక చూడవలసిన చోట్లే. కాకపోతే మనవాళ్లలో చాలామంది "ఎండ మనకు కొత్తా?" అనే ధీమాతో బయలుదేరతారు. నా భయమంతా ఆ ధీమా గురించే.

మనది ఉక్కపోత ఎండ. చెమట కారుతుంది, చొక్కా తడిసి ముద్దవుతుంది, గొంతు ఎండుతుంది, నీళ్లు తాగుతాం. ఎంత నీరు పోతోందో ఒళ్లే చెబుతూ ఉంటుంది. థార్ ఎడారి గాలిలో తేమ చాలా తక్కువ. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది కాబట్టి అసలు చెమటే పట్టలేదనుకుంటాం. సాయంత్రం బసకు చేరాక ఆ చొక్కా విప్పి వీపు వైపు చూడండి. నౌపడా ఉప్పుమడిలో నీరు ఆవిరైపోయాక మిగిలే తెల్లచారల్లాంటివే బట్ట మీద కనబడతాయి. ముదురు రంగు చొక్కా అయితే భుజాల కింద వంకరగా, ఒకదాని పక్కన ఒకటి రెండు మూడు చారలు. పగలంతా ఒంట్లోంచి ఎంత నీరు, ఎంత ఉప్పు పోయిందో అప్పుడు గాని తెలియదు.

అందుకని అక్కడ దాహం వేసేదాకా ఆగకండి, గడియారం చూసి తాగండి. అరగంటకు ఒకసారి నాలుగైదు గుక్కలు. ఒకేసారి లీటరు తాగేసి, మళ్లీ మధ్యాహ్నం దాకా ఊరుకోవడం పనికిరాదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడే మందుల షాపులో కొని పెట్టుకోండి. లీటరు పొట్లమైతే మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం నీళ్లలో కలిపి చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు. అక్కడ ఊరూరా దొరికే పలుచని మజ్జిగ చాలా మంచిది. మన చోడి (రాగి) పిండి వెంట ఉంటే పొద్దున్నే అంబలి కాచుకుని, ఉప్పు వేసుకుని బయలుదేరవచ్చు. మూత్రం ముదురు పసుపు రంగులోకి తిరిగితే నీరు చాలడం లేదని అర్థం.

ఆడవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. దారిలో మరుగుదొడ్డి దొరకదని పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసే అమ్మలు, అత్తలు ప్రతి బృందంలోనూ ఉంటారు. పైకి చెప్పరు, సీసా చేతిలోనే ఉంటుంది, నీరు మాత్రం తగ్గదు. బృందాన్ని తీసుకెళ్లేవారు దీన్ని తమ పనిగా పెట్టుకోవాలి. రెండు గంటలకు ఒకసారి పెట్రోలు బంకు దగ్గరో మంచి దాబా దగ్గరో బండి ఆగుతుందని ముందే అందరికీ చెప్పి, చెప్పినట్టే ఆపించాలి. ఆ మాట మీద నమ్మకం కుదిరితే వాళ్లు నీళ్లు తాగుతారు.

ఉద్దానం నుంచి వెళ్లేవారికి ఈ నీటి సంగతి మరింత ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు మూత్రపిండాల జబ్బు ఇంటింటికీ తెలిసిన కష్టం. ఆ ప్రాంతం నుంచి వెళ్తున్నవారు జబ్బు లేదనుకున్నా సరే, బయలుదేరే ముందు మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి మొదలైంది కాబట్టి దూరం పోనక్కర్లేదు. జబ్బు ముందే తెలిసినవారు ఎంత నీరు తాగవచ్చో, ఓఆర్‌ఎస్ తీసుకోవచ్చో లేదో డాక్టరును అడిగి తీరాలి. అందులో పొటాషియం ఉంటుంది, అది అందరికీ సరిపడదు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపిస్తాయి. వాటి సంగతీ అడగండి. ఇక కోటలు ఎక్కి దిగాక కాళ్లు నొప్పి అని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దయచేసి ఎవరో ఇచ్చారని వేసుకోకండి. పశ్చిమ రాజస్థాన్‌లో భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన, ఫ్లోరైడు కూడా ఎక్కువ. చేతిపంపు నీళ్లు, బోరు నీళ్లు వద్దు. మూత చెడని సీసాలో శుద్ధి చేసిన నీళ్లే తాగండి.

ఎప్పుడు వెళ్లాలి? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పిల్లలకు వేసవి సెలవులని మే నెలలో టికెట్లు తీయించేవారిని చేతులు పట్టుకుని ఆపాలనిపిస్తుంది. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్, బికనీర్ వైపు వెళ్లే దారిలోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. ఆ రోజుల్లో పగలు లూ అనే వడగాలి, సాయంత్రం ఆంధీ అనే ధూళి తుఫాను. 2018 మే మొదటి వారంలో అలాంటి గాలివానలకు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో వందమందికి పైగా చనిపోయారు. మన దసరా సెలవుల నాటికి కూడా అక్కడ పగటి ఎండ తగ్గదు.

చలికాలంలో వెళ్తే చలికి సిద్ధపడాలి. ఇసుక పగలు ఎంత త్వరగా వేడెక్కుతుందో రాత్రి అంత త్వరగా చల్లబడుతుంది. ఉత్తర రాజస్థాన్‌లోని చూరు, ఫతేపూర్ ఊళ్ల వైపు డిసెంబరు, జనవరి నెలల్లో సున్నాకు దిగువకు పోయే రాత్రులుంటాయి. అరకులో కప్పుకున్న శాలువా చాలదు. స్వెట్టర్లు, చెవులకు మఫ్లర్లు, ఉన్ని మేజోళ్లు ఉండాలి. జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుక దిబ్బల దగ్గర గుడారాల్లో పడుకునేవారికి ఒక గట్టి హెచ్చరిక. చలి కాచుకున్న బొగ్గుల కుంపటిని నిద్రపోయేటప్పుడు గుడారంలోకి గాని, తలుపులు మూసిన గదిలోకి గాని తెచ్చుకోవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, పొగ లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. అదనంగా రెండు రజాయిలు అడిగి తీసుకోండి, ఇస్తారు.

ఇప్పుడు రోడ్డు. ఇక్కడి నుంచే బస్సు మాట్లాడుకుని, వంటవాళ్లను, గ్యాసు పొయ్యిని ఎక్కించుకుని బయలుదేరే అలవాటు మనకుంది. ఇంత దూరానికి నేనైతే వద్దంటాను. విశాఖ నుంచి విజయనగరం మీదుగా జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి రైలుంది. రైల్లో వెళ్లి, అక్కడ టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి. ఆ డ్రైవరుకు ఇసుక తెలుసు, పశువులు తెలుసు, ఏ మలుపులో ఏం వస్తుందో తెలుసు. మన డ్రైవరుకు అవేవీ తెలియవు, పైగా అప్పటికే రోజుల తరబడి స్టీరింగు పట్టుకుని అలసిపోయి ఉంటాడు. గ్యాసు సిలిండరుతో జనాన్ని ఎక్కించుకుని వేల కిలోమీటర్లు తిరగడం ఎండ లేని చోట కూడా ప్రమాదమే.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు, జైసల్మేర్ నుంచి బికనీర్ 330 దాకా. రోడ్లు బాగుంటాయి, గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఆ తిన్నదనమే డ్రైవరుకు నిద్ర తెప్పిస్తుంది. చీకటి పడ్డాక ఒంటెలు, నీల్‌గాయ్‌లు (మనుబోతులు), ఆవులు రోడ్డు మీదికి వస్తాయి. ఒంటె కాళ్లు పొడుగు కాబట్టి దాన్ని గుద్దితే బరువైన ఒళ్లు నేరుగా అద్దం మీద పడుతుంది. లాడ్జి ఖర్చు మిగులుతుందని రాత్రిపూట ప్రయాణం పెట్టుకోవద్దు. పొద్దెక్కాక బయలుదేరి పొద్దు గుంకేలోగా ఊరు చేరండి. డిసెంబరు, జనవరుల్లో ఉత్తర రాజస్థాన్‌లో పొగమంచు విడిచేదాకా బండి కదలనివ్వకండి. డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటాడో, సరిగా తిన్నాడో లేదో కనుక్కోవడం కూడా మన జాగ్రత్తలో భాగమే.

ధూళి తుఫాను ఎదురైతే బండిని రోడ్డు దింపి దూరంగా ఆపించండి. దీపాలు ఆర్పేయాలి, బ్రేకు మీద కాలు తీసేయాలి. ఎర్రదీపం వెలుగుతుంటే వెనక వచ్చే లారీ అదే దారి అనుకుని వచ్చి గుద్దుతుంది. అద్దాలు ఎత్తి, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని లోపలే కూర్చోండి. రోడ్డుకు అడ్డంగా ఇసుక మేట కనబడితే వేగం ముందే తగ్గించాలి, దాని మీదికి వెళ్లాక బ్రేకు తొక్కకూడదు.

ఏసీ స్లీపరు బస్సు ఎక్కవలసి వస్తే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో బస్సు కదలక ముందే చూడండి. 2025 అక్టోబరు 14న జైసల్మేర్ నుంచి జోధ్‌పూర్ వెళ్తున్న బస్సు తగలబడి 20 మందికి పైగా చనిపోయారు. పది రోజులకే కర్నూలు దగ్గర మన రాష్ట్రంలోనూ అదే ఘోరం. సుత్తి లేకపోతే అడగండి, గొడవైనా ఫరవాలేదు.

కోటల దగ్గర పాదాలు, మోకాళ్లు కాపాడుకోవాలి. మన విజయనగరం కోట సమతల నేల మీద ఉంటుంది, నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోతాం. అక్కడి కోటలన్నీ దాదాపు కొండల మీదివే. జోధ్‌పూర్‌లో రావ్ జోధా 1459లో మొదలుపెట్టిన మెహ్రాన్‌గఢ్‌కు ఏటవాలు రాతిబాట. మోకాళ్లు నొప్పి ఉన్నవారు టికెట్ తీసుకుని లిఫ్టులో వెళ్లవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. కుంభల్‌గఢ్ చుట్టుగోడ 36 కిలోమీటర్లు. పై మహలు దాకా ఎక్కడమే పెద్ద పని, పొద్దున్నే ముగించండి. జైసల్మేర్ కోటలో ఇప్పటికీ జనం కాపురముంటారు. సన్నని సందుల్లో మోటారుసైకిళ్లు తిరుగుతాయి, పిల్లల చేయి వదలవద్దు. కోట చుట్టుపక్కల అమ్మే లస్సీలో మత్తెక్కించే భంగు కలిపేవి కూడా ఉంటాయి. అడగకుండా పిల్లలకు ఇప్పించకండి.

గుడుల్లో చెప్పులు విడవాలి. ఎండకు కాలిన రాతి మీద నడిస్తే మామూలు మనిషి ఎగిరి గంతేస్తాడు. మధుమేహం వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవారికి ఆ మంట తెలియదు. తాపీగా ప్రదక్షిణ పూర్తి చేస్తారు, రాత్రి కాళ్లు కడుక్కునేటప్పుడు బొబ్బ కనబడుతుంది. ఆ బొబ్బ పుండై చివరికి పాదమే తీసేయవలసి వచ్చిన సంసారాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. మందపాటి నూలు మేజోళ్లు నాలుగు జతలు పెట్టుకోండి. తీయమంటే నీడ ఉన్న వైపే నడవండి, రోజూ రాత్రి అరికాళ్లు ఎవరిచేతనైనా చూపించుకోండి. రాణక్‌పూర్‌లో 1444 స్తంభాల జైన మందిరంలోకి, ఆబూ కొండ మీది దిల్వారాలోకి జైనులు కానివారిని మధ్యాహ్నం 12 తరువాతే రానిస్తారు. తోలు బెల్టు, తోలు పర్సు బండిలోనే వదిలివెళ్లాలి. బికనీర్ దగ్గర దేశ్‌నోక్ కర్ణీమాత గుడిలో ఎలుకలు వేలల్లో తిరుగుతుంటాయి. పాదం ఎత్తి వేయకుండా నేల మీద జరుపుకుంటూ నడవాలి. కాలికి పుండు ఉన్నవారు మేజోళ్లు లేకుండా లోపలికి వెళ్లవద్దు.

పండగ రోజుల్లో కొండ మీది గుడులకు వెళ్లకపోవడమే మంచిది. 2008 సెప్టెంబరు 30న నవరాత్రుల మొదటి రోజున మెహ్రాన్‌గఢ్‌లోని చాముండా మాత గుడి దగ్గర తొక్కిసలాటలో 200 మందికి పైగా ప్రాణాలు పోయాయి. మన కాశీబుగ్గలో 2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు గుడిలో జరిగిన తొక్కిసలాటను మనం మరచిపోలేదు. వరుస ఇరుకుగా ఉండి, వెనక నుంచి తోపు మొదలైతే దర్శనం వదులుకుని పక్కకు వచ్చేయండి.

వర్షాకాలంలో వెళ్తే పిడుగు. 2021 జులై 11న జైపూర్‌లో ఆమేర్ కోట దగ్గరి కొండ బురుజు మీద పిడుగు పడి 11 మంది చనిపోయారు. వానలో ఫొటోలు తీసుకుందామని ఎక్కినవారే వాళ్లలో ఎక్కువ. పొలంలో ఉరుము వినగానే ఇంటిదారి పట్టే మనవాళ్లు కోట మీద మాత్రం నిలబడిపోతారు. దిగిరండి.

ఒంటె ఎక్కేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అది లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేస్తాయి, కూర్చునేటప్పుడు ముందు కాళ్లు ముందు మడుస్తుంది. రెండుసార్లూ మనిషి ముందుకు పడతాడు. రెండు చేతులతో జీను కొయ్య పట్టుకుని వెనక్కి వాలాలి. నడుం నొప్పి ఉన్నవారు, గర్భిణులు దిబ్బల మీది జీపు సవారీ జోలికి పోవద్దు.

జైసల్మేర్ అవతల తనోట్ మాత గుడి, 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా చూడాలంటే పాకిస్తాన్ సరిహద్దు దగ్గరికి వెళ్తున్నట్టే. ఆధారు కార్డు అసలుది ఉంచుకోండి. సైనిక వాహనాలను, కాపలా చౌకీలను ఫొటో తీయకండి. ఇసుకలో ఇనుప ముక్క ఏది కనబడినా పిల్లలను ముట్టుకోనివ్వకండి. యుద్ధాలు జరిగిన నేల అది, ఇప్పటికీ తుపాకీ సాధన జరిగే మైదానాలూ ఉన్నాయి. ఫోను అందని చోట్లు చాలా ఉంటాయి కాబట్టి జైసల్మేర్‌లోనే ట్యాంకు నింపించండి, నీళ్లు రెండింతలు ఎక్కించండి.

ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి గట్టిగా విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. 108 అక్కడా పనిచేస్తుంది. జాతీయ రహదారి మీద ప్రమాదమైతే 1033, మిగతా ఏ ఆపదకైనా 112. మన పెద్దవాళ్లలో చాలామందికి హిందీ రాదు. ప్రతి ఒక్కరి జేబులో హిందీలో రాసిన చీటీ ఒకటి పెట్టండి. పేరు, ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు, బృందంలో ఇద్దరి ఫోను నంబర్లు, ఆ రాత్రి బస చేసే లాడ్జి పేరు. ఊరు మారినప్పుడల్లా లాడ్జి పేరు మార్చి రాయాలి.