మిషన్‌కి బంగారం తెలీదు: డిటెక్టర్ పాఠాలు, 2వ భాగం

మెటల్ డిటెక్టరుతో బంగారం వెతకడం నేర్పే పాఠాలివి. పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. ఇంట్లో ఉన్న చిన్నాచితకా లోహపు వస్తువులన్నీ పోగేసి, అయస్కాంతానికి అంటుకునేవి ఒక గుట్ట, అంటుకోనివి ఒక గుట్ట పెట్టమన్నాను. అంటుకునే గుట్ట తీసేయండి. రెండోది ఉంచండి. మాత్రల రేకు, కూల్‌డ్రింక్ డబ్బా రింగు, ఇత్తడి నట్టు, పువ్వు అంచున్న పాత పది పైసల బిళ్ల... వీటితో ఈ రోజు పనుంది.

మధ్యలో చేరినవాళ్లకి రెండు ముక్కలు. ఉప్పల్‌లో మా కాలనీ పార్కులో పొద్దున నడిచేవాళ్లలో సగం మందికి పిల్లలు ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉన్నారు. మెల్‌బోర్న్ వెళ్తే మూడు నెలలు ఉండి రావాలి. మొదటి వారం మనవడితో గడిచిపోతుంది. రెండో వారం నుంచి పిల్లలు ఆఫీసుకి, మనం సోఫాకి. నేనూ అలాగే కూర్చున్నాను, మా అల్లుడు ఒక ఆదివారం బెండిగో తీసుకెళ్లేదాకా. మెల్‌బోర్న్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ మన వయసువాళ్లు టోపీ, హెడ్‌ఫోన్ పెట్టుకుని చెట్ల మధ్య డిటెక్టరు కర్ర ఊపుకుంటూ తిరుగుతున్నారు. అందరూ బంగారం వెతికేవాళ్లే. అలా పోవాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లోనే సాధన చేసుకుని విమానం ఎక్కడానికే ఈ పాఠాలు.

"మన దగ్గరే వెతకొచ్చు కదా" అని అడుగుతారు. కుదరదు. 1957 నాటి గనుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఖనిజాల కోసం వెతకకూడదు. భూమిలో పాతిపెట్టిన సొత్తు, పది రూపాయలకు మించి విలువైనది దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. ఇక గోల్కొండ లాంటి రక్షిత కట్టడాల దగ్గరికి డిటెక్టరు పట్టుకుని వెళ్లే ఆలోచనే వద్దు. చట్టం సంగతి పక్కనపెట్టినా, మన దక్కన్ బంగారం ఈ మిషన్లకి దాదాపుగా వినపడదు. కోలార్ గనుల్లోనైనా హట్టి గనుల్లోనైనా అది తెల్లరాయి పొరల్లో సన్నటి రేణువులుగా, టన్నుకి కొన్ని గ్రాముల లెక్కన ఉంటుంది. ఈ మిషన్‌కి కావలసింది గడ్డ. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో గడ్డలు దొరుకుతాయి. 1980లో కింగోవర్ అనే చోట 27 కిలోల గడ్డ చేతి డిటెక్టరుకే దొరికింది. మనకి దొరికేది బియ్యపు గింజంత, అదీ అదృష్టం బాగుంటే. అక్కడ 'మైనర్స్ రైట్' అని అనుమతి పత్రం అమ్ముతారు, పదేళ్లు చెల్లుతుంది. ఏ అడవిలో వెతకొచ్చు, ఎక్కడ కూడదు అనేది ఇంకో పాఠంలో.

(నిజాం రాజ్యంలోనూ బంగారం కోసం తిరిగినవాళ్లున్నారు. అలా తిరిగిన బీడన్ అనే ఇంజనీరుకి 1915లో రాయచూరు జిల్లా మస్కిలో అశోకుడి శాసనం కంటబడింది. అశోకుడన్న పేరు పెట్టి రాసిన శాసనం! బంగారం కన్నా గొప్ప దొరుకుబడే.)

ఇప్పుడు పాఠం. నా మొదటి మిషన్ వచ్చిన రోజు డబ్బా విప్పి, హాల్లో నేల మీద నిలబెట్టి స్విచ్ వేశాను. ఒకటే గోల. ఎటు తిప్పినా కీచు. పాడైన సరుకు అంటగట్టాడని అరగంట తిట్టుకున్నాను. తీరా చూస్తే కింద స్లాబు నిండా ఇనుప చువ్వలు, మూలన ఇన్వర్టరు, గోడకి వైఫై పెట్టె. కాబట్టి ఇంట్లో పరీక్షించాలంటే మిషన్‌ని చెక్క బల్ల మీద పడుకోబెట్టి, కాయిల్ (కింది చివర ఉండే, లోపల తీగచుట్ట ఉన్న పళ్లెం) బల్ల అంచు దాటి బయటికి వచ్చేట్టు, నేలకి వీలైనంత ఎత్తులో ఉంచండి. ఇన్వర్టరు, వైఫై కట్టేయండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పక్క గదిలో ఉంచండి.

ఆ తర్వాత మా ఆవిడ ఉంగరం అడిగాను. నాలుగు గ్రాములుంటుంది. కాయిల్ ముందు జానెడు దూరంలో అటూ ఇటూ ఆడించాను. ఖణేల్‌మంది. తర్వాత ఆవిడ మెడలోని సన్న గొలుసు. ఎనిమిది గ్రాములు, రెట్టింపు బంగారం. ఏమీ లేదు. ఇంకా దగ్గరికి తెచ్చాను. కాయిల్‌కి తాకించాక, కొక్కెం ఉన్నచోట మాత్రం చిన్న కుయ్. "ఇది బంగారం కాదంటోంది మీ మిషను" అని ఆవిడ. పెళ్లికి వాళ్ల నాన్న పెట్టిన గొలుసు అది. ఆ పూట కాఫీ నేనే పెట్టుకున్నాను.

జరిగింది ఇది. కాయిల్ నుంచి అయస్కాంత తరంగం బయటికి వెళుతుంది. అది లోహానికి తగిలితే లోహంలో సుడిగుండంలా కరెంటు తిరుగుతుంది. ఆ సుడి మళ్లీ ఒక చిన్న తరంగాన్ని వెనక్కి పంపుతుంది. మిషన్ వినేది దాన్నే. ఉంగరం మూసుకున్న వలయం కాబట్టి సుడి పెద్దది. గొలుసులో ప్రతి లంకె ఒక బుల్లి వలయం, పక్కదాన్ని అంటీ అంటనట్టు ఉంటుంది. వంద బుల్లి సుడులు కలిసినా ఒక పెద్ద సుడి కావు. అంటే మిషన్ బరువు చూడదు, ఖరీదు అసలే చూడదు. లోహం ఎంత మేర గడ్డకట్టి ఉందో, దానిలో కరెంటు ఎంత తేలిగ్గా తిరుగుతుందో, అంతవరకే దానికి తెలిసేది.

ఇప్పుడు మీ గుట్టలోంచి మాత్రల రేకు తీసి మడిచి ఆడించండి. తగిలిన లోహాన్ని బట్టి మిషన్ తెర మీద ఒక నంబరు వస్తుంది. నా మిషన్‌లో ఉంగరానికి 50 దగ్గర వచ్చింది, రేకుకి 47కీ 52కీ మధ్య ఊగింది. చెత్త పలకకుండా ఉండాలని ఆ నంబర్లు మూసేసే సదుపాయం ఉంటుంది, డిస్క్రిమినేషన్ అంటారు. రేకుని మూసేస్తే ఉంగరం కూడా మూసుకుపోతుంది. అందుకే బంగారానికి వెళ్లినప్పుడు ఆ సదుపాయం కట్టేసి, 'ఆల్ మెటల్'లో పెట్టుకోవాలి. చెత్త తవ్వక తప్పదు. నా లెక్కలో అక్కడి నేలలో యాభై పాత తూటా ముక్కలు తవ్వితే ఒక బంగారపు పలుకు.

బంగారాన్ని మాత్రమే చూపిస్తుందని, కిలోమీటరు దూరం నుంచే దిక్కు చెబుతుందని యాంటెన్నా పెట్టి అమ్మేవి ఉన్నాయి చూశారా, అవి బియ్యాన్ని లాగుతుందని నమ్మించి అంటగట్టే రైస్ పుల్లర్ చెంబుకి తమ్ముళ్లు. దూరంగా ఉండండి.

ఏ మిషన్ కొనాలి? ముందు ఫ్రీక్వెన్సీ చూడాలి. తరంగం సెకనుకి ఎన్ని వేలసార్లు ఊగుతుందో అది కిలోహెర్ట్జ్‌లలో రాసి ఉంటుంది. నాణేల కోసం చేసినవి 6 నుంచి 10 మధ్య ఉంటాయి. గారెట్ ఏస్ 300 ఎనిమిది. వీటికి రూపాయి బిళ్ల బాగా వినపడుతుంది, బియ్యపు గింజంత బంగారం వినపడదు. చిన్న లోహపు ముక్కలో సుడి పుట్టించాలంటే వేగంగా ఊగాలి. బంగారపు మిషన్లు అందుకే ఎత్తులో ఉంటాయి: గారెట్ ఏటీ గోల్డ్ 18, మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 45, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71. ఎంత పైకి పోతే అంత సన్న బంగారం, కానీ మట్టిలోని ఇనుము పెట్టే గొడవా అంతే పెరుగుతుంది. ఇవి కాక పల్స్ ఇండక్షన్ అని ఇంకో జాతి ఉంది. ఇనుము నిండిన ఎర్రమట్టిని లెక్కచేయదు, లోతుకు దిగుతుంది. వాటిలో మంచివి లక్షల్లో ఉంటాయి, మన పాఠంలోకి రావు.

నన్నడిగితే ఫ్రీక్వెన్సీ కంటే ముఖ్యమైనది గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే మట్టిలోని ఇనుము చేసే గోల వినపడకుండా మిషన్‌ని ఆ నేలకి సర్దడం. చవక మిషన్లలో ఇది ఫ్యాక్టరీలో బిగించేసి ఉంటుంది, మనం మార్చలేం. చదునైన మామూలు మట్టికి సరిపోతుంది. విక్టోరియా ఎర్రమట్టి మీద పెడితే పది నిమిషాల్లో తలనొప్పి. కాబట్టి ఐదారు వేలకి ఆన్‌లైన్‌లో దొరికే ఆకుపచ్చ, పసుపు రంగుల బొమ్మల్లాంటివి చేయి తిరగడానికి తప్ప దేనికీ పనికిరావు. గ్రౌండ్ బ్యాలెన్స్ చేత్తో తిప్పుకునేదో, తనంతట తాను సర్దుకునేదో ఉండాలి. సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు, అది మాత్రం ఉండాలి. ఇక్కడ దొరక్కపోతే తొందరపడకండి. అక్కడ వాడిన మిషన్లు అమ్ముతారు, అద్దెకి కూడా ఇస్తారు. ఇక్కడ ఎవరిదైనా అడిగి చెవికి అలవాటు చేసుకుంటే చాలు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు కేబులు కాయిల్‌లోకి దిగేచోట మెల్లగా వంచి చూడండి. టకటక శబ్దం వస్తే వద్దు. బ్యాటరీ గదిలో పచ్చటి చిలుం ఉన్నా వద్దు. హెడ్‌ఫోన్ రంధ్రం పెద్దగా, పాత మైకుల లావు పిన్ను పట్టేట్టు ఉంటే కంగారు పడకండి, కోఠి గుజరాతీ గల్లీలో దానికి మార్పు పిన్ను దొరుకుతుంది. స్పీకరు మీద ఆధారపడొద్దు. చిన్న బంగారం గుసగుసలాడుతుంది, అరవదు.

ఇక బిగించడం. కర్ర పొడవు ఎంత పెట్టాలంటే, మీరు నిటారుగా నిలబడి చెయ్యి వదులుగా వేలాడేస్తే కాయిల్ మీ కాలి బొటనవేలికి ముందు జానెడు దూరంలో నేలకి సమాంతరంగా ఉండాలి. వంగాల్సి వస్తే సాయంత్రానికి నడుము చెబుతుంది. కేబులు కర్రకి దగ్గరగా చుట్టి, రెండుచోట్ల వెల్క్రో పట్టీ వెయ్యాలి. వదులుగా ఊగితే ఊపిన ప్రతిసారీ దొంగ శబ్దం వస్తుంది. కాయిల్ దగ్గర ప్లాస్టిక్ బోల్టే ఉండాలి. విరిగిందని బేగంబజార్ నుంచి ఇనుప బోల్టు తెచ్చి వేసినవాణ్ని నాకు తెలుసు. అద్దంలో రోజూ చూస్తుంటాను.

మిగతాది ఆరుబయటే. మా బావమరిదికి షాద్‌నగర్ అవతల ప్లాటు ఉంది, చెల్క నేల. మీకు అలాంటిది ఎవరిదైనా ఉంటే ఒక ఆదివారం పోండి. కరెంటు తీగల కింద వద్దు. ఇనుప ముక్కు లేని చెప్పులో బూట్లో వేసుకోండి. ఆల్ మెటల్‌లో పెట్టి, థ్రెషోల్డ్ అనే మీటని దోమ దూరంగా పాడుతున్నంత సన్నటి హమ్ వినపడేదాకా తిప్పండి. ఈ హమ్ ఎందుకంటే, చిన్న బంగారం కొత్త శబ్దం చేయదు, ఈ హమ్‌నే కొంచెం ఉబ్బిస్తుంది. పూర్తి నిశ్శబ్దంలో పెడితే ఆ ఉబ్బు మీకు అందదు.

కింద లోహం లేని జాగా చూసుకోండి. కాయిల్‌ని నేలకి రెండు అంగుళాల నుంచి అడుగు ఎత్తు దాకా, మళ్లీ కిందికి, నెమ్మదిగా రోకలి ఎత్తి దించినట్టు కదపండి. దించినప్పుడు హమ్ పెరుగుతోందా, తగ్గుతోందా? ఏదో ఒకటి జరుగుతుంది. బ్యాలెన్స్ మీటని ఒక పక్కకి కొంచెం తిప్పి మళ్లీ దించండి. తేడా తగ్గితే అటే పోండి, పెరిగితే ఇటు తిప్పండి. ఎత్తినా దించినా హమ్ కదలకుండా ఉన్నచోట ఆపండి. ఆ మట్టికి మిషన్ చెవి మూసుకుందన్న మాట. పది అడుగులు నడిచి మట్టి రంగు మారితే మళ్లీ చెయ్యాలి. చెల్క నుంచి నల్లరేగడిలోకి అడుగు పెట్టి చూడండి, తేడా మీకే వినపడుతుంది.

సెన్సిటివిటీ, అంటే మిషన్ చెవి ఎంత చురుగ్గా వినాలో చెప్పే మీట, ఆఖరున. అందరూ ముందు దాన్నే చివరికంటా తిప్పేస్తారు. సగంలో మొదలుపెట్టండి. ఒక్కో మెట్టూ ఎక్కించండి. నేల వాగడం మొదలుపెట్టగానే ఒక మెట్టు దిగండి. అంతే.

ఈ వారం పని: ఎయిర్‌గన్‌లో వాడే సన్న సీసపు గుళ్లు నాలుగు సంపాదించండి, ఒక్కోటి అర గ్రాము ఉంటుంది. చిన్న ముక్కలుగా ఉన్నప్పుడు సీసం, బంగారం ఇంచుమించు ఒకేలా పలుకుతాయి. ఒక్కోదాన్ని అట్టముక్కకి టేపుతో అంటించి 2, 4, 6, 8 సెంటీమీటర్ల లోతున, రెండేసి అడుగుల ఎడంగా పాతండి. గుర్తుకి ఐస్‌క్రీమ్ పుల్లలు గుచ్చండి, మేకులు కాదు. కాయిల్ నేలని దాదాపు తాకుతూ, ఊడ్చినంత నెమ్మదిగా ఊపండి. ఎడమ నుంచి వచ్చినప్పుడూ కుడి నుంచి వచ్చినప్పుడూ అదేచోట హమ్ ఉబ్బాలి. 2 తేలిగ్గా వినపడుతుంది. 4 దగ్గర అనుమానం వస్తుంది. అనుమానం వచ్చినచోట కాలితో వేలి మందాన మట్టి గీరి మళ్లీ వినండి. శబ్దం పెరిగితే కింద లోహం ఉన్నట్టు. 6, 8 వినపడకపోతే మిషన్‌ని తిట్టకండి, ముందు ఊపే వేగం సగానికి తగ్గించండి. ఏ లోతు దాకా వినపడిందో రాసి పెట్టుకోండి.

తిరిగొచ్చాక కాయిల్ కింది తొడుగు ఊడదీసి బ్రష్‌తో మట్టి కడిగేయండి. ఇప్పటి నుంచే అలవాటు కావాలి. ఆస్ట్రేలియా విమానాశ్రయంలో సామాను మీద మట్టి కనిపిస్తే ఊరుకోరు.

వచ్చే పాఠంలో శబ్దం వచ్చినచోట గొయ్యి తవ్వి, చేటెడు మట్టిలోంచి గింజంత ముక్కని ఐదు నిమిషాల్లో బయటికి తీయడం. ఒక ప్లాస్టిక్ డబ్బాని ఏటవాలుగా కోసి గరిటెలా చేసి పెట్టుకోండి. ఇనుప గరిటె వద్దు, దాని గోలలో గింజ గుసగుస వినపడదు.